గరాజు కబుర్లు: బేటరీ మీద మోపిన నేరం

క్రిందటి నెల వాటరు హీటరు గురించి వ్రాసిన ముక్కలు చదివి నలుగురైదుగురు ఫోను చేశారు. అందులో వాటరు హీటరుతో పనివున్నవారు ఒక్కరే. మిగిలినవారంతా అడిగింది ఒకటే: "ఏమండీ, ఆ మోటారు సైకిలు అమ్మేశారటగా?" అని. ఈ వార్త శాన్ రామన్‌లో పుట్టి, డబ్లిన్ మీదుగా ఫ్రీమాంట్ చేరేటప్పటికి దానికి కొన్నవారి పేరూ, ఇచ్చిన ధరా కూడా వచ్చి చేరాయని విన్నాం. అమ్మలేదు. అమ్మబోయినమాట మాత్రం నిజం. ఈ నెల ఆ కథే.

బండి 1982 నాటిది. నాలుగు సిలిండర్ల జపాను యంత్రం. గొలుసు లేదు, షాఫ్టుతో నడుస్తుంది. బరువు పావు టన్ను. కంపెనీ పేరు వ్రాయడం లేదు. నలభై యేళ్ళు దాటిన ప్రాణికి జబ్బు చేస్తే కన్నవారిని తిట్టడం న్యాయం కాదు కదా. 2009లో కొన్నాం. కొన్ననాటినుంచీ మా ఇంటావిడ దాన్ని "మీ రెండో సంసారం" అంటుంది. అయితే దాన్ని ఇష్టపడ్డది మాత్రం మా అమ్మాయి. డేవిస్‌లో చదువుతోంది. ఇరవై ఒకటి నిండనివారికి ఈ రాష్ట్రంలో మోటారు సైకిలు లైసెన్సు కావాలంటే ముందు శిక్షణ తరగతి పూర్తి చెయ్యాలి. అది చేసి, లైసెన్సు తెచ్చుకుని, "జనవరిలో బండి నాతో తీసుకుపోతా" అంది. సరే అన్నాం.

నవంబరులో ఒక ఆదివారం హేవర్డ్‌లో మిత్రుల ఇంటికి భోజనానికి వెళ్ళాం. అమ్మాయి బండి మీద, మేమిద్దరం కారులో. తిరిగి వచ్చేటప్పుడు కాస్ట్రో వ్యాలీ నుంచి క్రో కాన్యన్ రోడ్డు పట్టుకున్నాం. ఆ రోడ్డు తెలిసినవారికి చెప్పనక్కరలేదు: వెళ్ళేందుకు ఒక వరుస, వచ్చేందుకు ఒక వరుస, మలుపు మీద మలుపు, పక్కకు జరగడానికి చాలాచోట్ల జాగా వుండదు. గడియారాలు వెనక్కి తిప్పిన తరువాత అయిదున్నరకే కాటుక చీకటి. అమ్మాయి ముందు, మేము వెనక. ఉన్నట్టుండి ఆ టెయిల్‌లైటు ఎరుపు తగ్గింది. ఆరిపోబోతున్న కుంపట్లో బొగ్గులా అయింది. యింజను రెండుసార్లు దగ్గింది. ఆ తరువాత మా ముందు ఏమీ లేదు. దీపమూ లేదు, మనిషీ లేదు, చీకటి తప్ప.

అమ్మాయి క్లచ్చి పట్టుకుని రాళ్ళ అంచుమీదికి దొర్లించి ఆపింది. మేము వెనక కారు అడ్డంగా పెట్టి నాలుగు దీపాలూ మినుకుమినుకుమనిపించాం. మా పక్కనుంచి ఒక పికప్ ట్రక్కు హారను కొట్టుకుంటూ పోయింది. అమ్మాయి హెల్మెటు తీసి అడిగిన మాట ఇది: "నాన్నా, ఇది ఇట్లా అవుతుందని నీకు ముందే తెలుసా?"

తెలుసు. ఆరు నెలలనుంచీ తెలుసు. ప్రతి శనివారం చార్జరు తగిలించి, ఆదివారం బండి తిప్పి, "బాగానే వుంది" అనుకుంటూ వచ్చాం. వసంతంలో ఒక కొత్త బేటరీ కొన్నాం. సెప్టెంబరులో రెండవది కొన్నాం. "ఈ కాలపు బేటరీలు నాసిరకం" అని నలుగురి ముందూ ఉపన్యసించాం కూడా. అమ్మాయి బండి ఎక్కే ముందు ఈ ముక్క చెప్పలేదు. ఆ రాత్రి ఇంటికి వచ్చాక మా ఇంటావిడ కేకలు వెయ్యలేదు. "సరిగ్గా బాగుచెయ్యండి, లేకపోతే అమ్మెయ్యండి. చార్జరుతో నెట్టుకురావడం మాత్రం ఇక ఈ ఇంట్లో లేదు" అంది. కేకలు వేసినా బాగుండేది.

మోటారు సైకిలు లేనివారు ఇక్కడ పేజీ తిప్పవద్దని మనవి. మీ కారు కూడా ఇంచుమించు ఈ సూత్రం మీదే నడుస్తుంది. బేటరీ అన్నది కొట్టుగది వంటిది, పొలం కాదు. ధాన్యం పండేది ఆల్టర్నేటరులో. తీగచుట్టల పక్కన అయస్కాంతం కదిలితే కరెంటు పుడుతుందని ఫారడే 1831లో కనిపెట్టినదే ఇక్కడ యింజను వేగంతో జరుగుతుంది. మా బండిలో అయస్కాంతాలు క్రాంకుషాఫ్టు చివర తిరుగుతాయి; వాటి మధ్య కదలకుండా కూర్చున్న తీగచుట్టల వలయం స్టేటరు. దానినుంచి మూడు తీగలు వస్తాయి, మూడు ఫేజుల ఎ.సి. తెస్తాయి. దాన్ని డి.సి.గా మార్చేది రెక్టిఫయరు. పధ్నాలుగున్నర వోల్టులు దాటకుండా కళ్ళెం వేసేది రెగ్యులేటరు. ఈ రెండూ ఒకే అల్యూమినియం డబ్బాలో వుంటాయి. అక్కడినుంచి బేటరీకి. ఈ దారిలో ఎక్కడ గండి పడినా చివర కనిపించేది ఒకటే: బేటరీ చచ్చిపోతుంది. అందుకే అందరం బేటరీ మీద నేరం మోపుతాం.

మన ప్రాంతంలో బండి నడిపినవారికి ఇది ఇంతగా దాగివుండేది కాదు. మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో తయారైన బుల్లెట్టుకు హెడ్‌లైటు పైనే చిన్న అమ్మీటరు వుండేది. ముల్లు ఎటు ఊగుతోందో చూస్తే కరెంటు లోపలికి పోతోందా, బయటికి పోతోందా అని కళ్ళ ఎదుటే తెలిసిపోయేది. మైసూరు జావాకు ఎర్ర దీపం. డైనమో పని చేస్తే ఆరిపోయేది. 1982 నాటి మా ఘనమైన యంత్రానికి గేరు నంబరు చూపే దీపం వుంది గాని చార్జింగు చెప్పేది ఏదీ లేదు!

మొదటి శనివారం. అమ్మాయి డేవిస్ నుంచి వచ్చి ఒక నోటుబుక్కు తెరిచి కూర్చుంది. "నువ్వు కొలువు, నేను రాస్తాను. గుర్తుంటుందిలే అనకు" అంది. రాత్రంతా చార్జి చేసి, కొన్ని గంటలు ఊరికే వదిలేసిన బేటరీని కొలిస్తే 12.7 వోల్టులు. నిండిన బేటరీ అంతే వుండాలి. స్టార్టరు తిరిగేటప్పుడు 10.4, పది దిగలేదు గనుక బలంగానే వుంది. అంటే మేము రెండుసార్లు కొన్నదీ, తిట్టినదీ ఆరోగ్యవంతుణ్ణి. యింజను నడుస్తూ వుండగా హెడ్‌లైటుతో నెమ్మదిగా 12.4, అయిదువేల చుట్ల దగ్గర 12.9. అక్కడ పధ్నాలుగు దాటాలి. పదిహేను దాటితే బేటరీ ఉడుకుతుంది. పదమూడు కూడా రాకపోతే నెమ్మదిగా ఆకలితో చస్తుంది.

ఇక్కడ మేము చేసిన తప్పు వ్రాయక తప్పదు. "రెగ్యులేటరు పోయింది" అని తీర్పు చెప్పాం. పరీక్ష లేదు, సాక్ష్యం లేదు. చవకగా దొరికిందని ఒకటి తెప్పించాం. రెండవ శనివారమంతా దాన్ని బిగించడానికి సరిపోయింది. మీటరు పెడితే మళ్ళీ 12.9. ఒక్క పదో వంతు కూడా మారలేదు. అమ్మాయి నోటుబుక్కులో ఆ అంకె కింద రెండు గీతలు గీసింది, ఏమీ అనలేదు.

మూడవ శనివారం మొదటినుంచి మొదలుపెట్టాం. స్టేటరు మూడు తీగలనూ విడదీసి రెండేసి చొప్పున కొలిచాం. నిరోధం ఒక ఓము లోపు. అంత చిన్న విలువను మామూలు మీటరు నమ్మకంగా చెప్పలేదు గాని, మూడు జతలూ సమానంగా వుండడం ముఖ్యం. వున్నాయి. ఏ తీగకైనా యింజను లోహంతో సంబంధం వుందా అని చూశాం. లేదు, వుంటే లోపల తీగ పూత కాలిపోయినట్టే. తరువాత యింజను నడిపి, అయిదువేల చుట్ల దగ్గర ఎ.సి. వోల్టులు: 76, 77, 76. (ఈ పరీక్షలో తీగల కొసలు వేళ్ళకు తగలనివ్వకండి. డెబ్బయి వోల్టులు సరసం కాదు.) స్టేటరు నిర్దోషి. ఇది పెద్ద ఊరట, ఎందుకంటే స్టేటరు మార్చాలంటే ఆయిలు తీసి, పక్క మూత విప్పి, పాత గాస్కెటు గీకి... ఆ మూత మరలు కూడా జపాను కొలతవి. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవరు పెడితే తల అరిగిపోతుంది. అది వేరే వ్యాసం.

పొలం పండుతోంది. కొట్టు బాగుంది. మరి ధాన్యం ఏమవుతోంది? అప్పుడు అమ్మాయి అడిగింది: "నాన్నా, మనం రెండు చివరలే కొలుస్తున్నాం. దారి కొలిచామా?"

మూడు తీగలూ మళ్ళీ తగిలించి, మీటరును రెగ్యులేటరు డబ్బా దగ్గరే పెట్టింది. దాని ప్లస్సు తీగకూ దాని ఒంటికీ మధ్య 14.3! డబ్బా తన పని తాను నిక్షేపంగా చేస్తోంది. తరువాత యింజను నడుస్తూ వుండగానే మీటరు ఒక కొస డబ్బా ప్లస్సు మీద, రెండవది బేటరీ ప్లస్సు మీద. ఒకే తీగ రెండు చివరలు గనుక దాదాపు సున్నా రావాలి, 0.2 దాటితే అనుమానించాలి. వచ్చింది 0.9. అదేవిధంగా డబ్బా ఒంటికీ బేటరీ మైనస్సుకూ మధ్య 0.5. కూడి చూడండి: 1.4. పధ్నాలుగు పాయింటు మూడులోంచి తీసెయ్యండి. 12.9. రెండు వారాలుగా మమ్మల్ని వెక్కిరిస్తున్న అంకె అదే. ఇంజనీరింగు పట్టా మాది, లెక్క ఆవిడది.

ప్లస్సు దారిలో పాత గాజు ఫ్యూజు పట్టీలు నల్లబడి వున్నాయి. మైనస్సు దారి సంగతి మరీ సిగ్గుచేటు: డబ్బా ఒంటినుంచి బండి చట్రానికి పోయే ఒక్క మర, దాని కింద నలభై యేళ్ళ తుప్పు, ఆ తుప్పు మీద 2011లో మేమే ముచ్చటపడి వేసిన రంగు.

ఇంతటితో ముగిసిందనుకుని పనిముట్లు సర్దబోయాం. అమ్మాయి ఒప్పుకోలేదు. "12.9తో బేటరీ నీరసిస్తుంది గాని రోడ్డు మధ్య దీపం ఆరిపోదు. ఆ రోజు ఇంకేదో జరిగింది" అంది. నిజమే. మా పరీక్షలన్నీ చల్లని యింజను మీద చేసినవి. అరగంట వీధుల్లో తిప్పి తెచ్చి కొలిస్తే, రెండున్నర వేల చుట్ల దగ్గర 12.2, అదీ దిగుతూ వుంది.

అప్పుడు మాకు విజయవాడ ఆటోనగర్ గుర్తుకు వచ్చింది. చదువుకునే రోజుల్లో మా చిన్నాన్నగారి బుల్లెట్టు అక్కడ ఒక ముసలి మెకానిక్కు దగ్గరికి తీసుకుపోయేవాళ్ళం. ఆయన దగ్గర మీటరు వుండేది కాదు. ఒక టెస్టు లాంపూ, రెండు చేతులూ. బండి కాసేపు నడిపి, ఆపి, ప్రతి ముడినీ వేళ్ళతో తడిమేవాడు. "అబ్బాయ్, కరెంటు ఎక్కడ తిండి తింటుందో అక్కడ వేడి పుట్టిద్ది. దొంగ ఒళ్ళు ఎప్పుడూ వెచ్చగానే వుంటది" అనేవాడు. ఈ మాట మేము చదివిన ఏ పాఠ్యపుస్తకంలోనూ ఇంత స్పష్టంగా లేదు.

పక్క మూత తీసి ఇద్దరం తడిమాం. స్టేటరు మూడు తీగలూ కలిసే కనెక్టరు దగ్గర అమ్మాయి "అబ్బా" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. ఒక్క తీగ ముడి కాలుతోంది. ప్లాస్టిక్కు పాకంలా ముదురు గోధుమ రంగుకు తిరిగి కరిగింది. దాన్ని కొద్దిగా కదిపితే మీటరు అంకెలు ఎగిరెగిరి పడ్డాయి. చల్లగా వున్నప్పుడు ఆ ముడి ఎలాగో అంటుకుని వుంటుంది. వేడెక్కితే విడిపోతుంది. మూడు ఫేజులలో ఒక తీగ విడిపోతే మిగిలేది మూడింట రెండు వంతులు కాదు, ఒక్క జత మాత్రమే. దిగుబడి దాదాపు సగానికి పడిపోతుంది.

ఆ తీగనే పట్టుకుని వెళ్తే మరొక వింత. అది నేరుగా రెగ్యులేటరుకు పోకుండా, ముందుకు హెడ్‌లైటు దాకా వెళ్ళి, తిరిగి వెనక్కి వస్తోంది. ఎందుకు? ఆ కాలపు కొన్ని బండ్లలో దీపం ఆర్పితే ఒక ఫేజును కూడా విడదీసేవారు, అక్కరలేని కరెంటు పుట్టకుండా. అయితే 1978 నుంచి తయారైన మోటారు సైకిళ్ళకు యింజను నడిచినంతసేపూ హెడ్‌లైటు తనంతట తానే వెలగాలని కాలిఫోర్నియా చట్టం. స్విచ్చి తీసేశారు, తీగ తీర్థయాత్ర మాత్రం అలాగే వుంచేశారు. దారిలో అదనంగా రెండు కనెక్టర్లు, గజాల కొద్దీ సన్న తీగ, ఏ ప్రయోజనమూ లేకుండా.

క్రో కాన్యన్ లెక్క కూడా ఆ మధ్యాహ్నమే వేశాం. హెడ్‌లైటు 55 వాట్లు, ఇగ్నిషను, టెయిల్‌లైటు, మీటర్ల దీపాలు అన్నీ కలిపితే ఇంచుమించు 130. మలుపుల రోడ్డులో తక్కువ వేగం మీద, ఒక ఫేజు పోయిన ఆల్టర్నేటరు 80 ఇచ్చిందనుకుందాం. లోటు 50 వాట్లు, అంటే సుమారు నాలుగు యాంపులు, బేటరీనుంచి పోవాలి. మా బేటరీ 14 యాంపియర్ అవర్లది. ఎప్పుడూ సగమే నిండేది గనుక ఏడు. అంటే రెండు గంటల లోపు. ఆ రోజు వెళ్ళినదీ, వచ్చినదీ కలిపితే అంతే. పైగా వోల్టులు తగ్గేకొద్దీ దీపం మసకబారడంతో ఆగదు. ఒక హద్దు దిగితే ఎలక్ట్రానిక్ ఇగ్నిషను నిప్పురవ్వ పుట్టించదు, యింజను ఆగిపోతుంది. ఈ లెక్క ముందే వేసి వుంటే అమ్మాయిని ఆ రోడ్డు మీదికి పంపేవాళ్ళం కాదు. వెయ్యలేదు.

బాగుచెయ్యడానికి పట్టినది ఒక మధ్యాహ్నం. కాలిన కనెక్టరు కోసేశాం. తీగ నల్లబడినంత మేరా వెనక్కి కోసి, మెరిసే రాగి కనిపించాక మూడు తీగలనూ నేరుగా రెగ్యులేటరుకు కలిపాం. హెడ్‌లైటు యాత్ర రద్దు. నల్లబడ్డ రాగి మీద ఎంత సోల్డరు పోసినా అంటదు, ఈ విషయంలో పిసినారితనం వద్దు. డబ్బా ఒంటినుంచి బేటరీ మైనస్సుకు లావుపాటి తీగ ఒకటి విడిగా వేశాం. చట్రం కింద మరదగ్గర ఉప్పు కాగితంతో రుద్ది మేము వేసిన రంగును మేమే వదిలించాం. ప్లస్సు తీగను పాత ఫ్యూజు పెట్టెగుండా కాక, 20 యాంపుల బ్లేడు ఫ్యూజుతో నేరుగా బేటరీకి ఇచ్చాం. ఫ్యూజు బేటరీకి దగ్గరగా వుండాలి. లేకపోతే మధ్యలో తీగ ఒరిసి షార్టయిన రోజు అది వుండీ లేనట్టే. పాత రెగ్యులేటరునే తిరిగి బిగించాం, పాపం దాని తప్పేమీ లేదు గనుక. ఖర్చు ఇరవై డాలర్లు దాటలేదు. రెండు బేటరీలూ, ఒక రెగ్యులేటరూ కొన్న డబ్బు మాత్రం ఇంటావిడకు ఇంకా చెప్పలేదు. ఈ పత్రిక ఆవిడ చదువుతుంది గనుక ఇప్పుడు చెప్పినట్టే.

మీటరు: నెమ్మదిగా 13.2, అయిదువేల దగ్గర 14.2. వేడెక్కాక కూడా అంతే.

ఇటువంటి బండి వున్నవారికి రెండు మాటలు. హెడ్‌లైటుకు ఎల్.ఇ.డి. బల్బు వేస్తే స్టేటరుకు విశ్రాంతి దొరుకుతుందని చాలామంది చెబుతారు. బేటరీకి మేలే. కాని ఆ కాలపు రెగ్యులేటర్లు ఎక్కువైన కరెంటును ఆపవు, స్టేటరునే షార్టు చేసి వేడిగా తగలేస్తాయి. మీరు వాడుకున్నా, వాడుకోకపోయినా స్టేటరు చాకిరీ ఒకటే. నిజంగా దానికి విశ్రాంతి కావాలంటే ఈ మధ్య వచ్చిన సిరీసు రకం రెగ్యులేటరు వెయ్యాలి. అది అవసరం లేనప్పుడు దారినే మూసేస్తుంది. 1969లో వచ్చిన హోండా సి.బి. 750లో ఈ బాధ లేదు. అందులో శాశ్వత అయస్కాంతానికి బదులు విద్యుదయస్కాంతం. రెగ్యులేటరు దాని బలాన్నే తగ్గిస్తుంది. రెండవది, ఆల్టర్నేటరు పని చేస్తోందో లేదో చూద్దామని నడుస్తున్న యింజను మీద బేటరీ తీగ ఊడదీసే అలవాటు మన ఊళ్ళల్లో వుండేది. దయచేసి చెయ్యకండి. అదుపు తప్పిన వోల్టులకు ఇగ్నిషను పెట్టె ఒక్క క్షణంలో పోతుంది.

జనవరి మొదటి వారంలో అమ్మాయి బండి తీసుకుపోయింది. 680 మీద ఉత్తరంగా బెనీషియా వంతెన దాటి, 80 పట్టుకుని డేవిస్. పట్టపగలే బయలుదేరాలన్నది వాళ్ళ అమ్మ షరతు. మా షరతు హ్యాండిలు మీద ఒక చిన్న వోల్టు మీటరు. బుల్లెట్టుకు వున్న భాగ్యం దీనికి మాత్రం ఎందుకు వుండకూడదు? చేరగానే "చేరాను" అని కాదు, అంకె ఒక్కటే పంపుతుంది. మొదటిసారి 14.1 అని వచ్చింది. మొన్న 13.9 అని వచ్చింది. వసంతం సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఆ మైనస్సు మర మళ్ళీ విప్పి చూస్తాం.

వాడని కొత్త రెగ్యులేటరు ఒకటి మా గరాజులో డబ్బాలో వుంది. కావలసినవారు వచ్చి ఉచితంగా తీసుకుపోవచ్చు. కాని ముందు మీ బండి తీగలు కొలిచిన అంకెలు ఒక కాగితం మీద వ్రాసి తేవాలి.